మట్టి బురుజులో ముగిసిన ఆట

ఇంట్లో చదరంగపు బల్ల ఉన్నది. పావులు మాత్రం మాయమైనాయి. పగలనక రాత్రనక ఆటలో మునిగి తనను మరచిన భర్త మీద అలిగి, ఇల్లాలే వాటిని ఎత్తి దాచివేసింది. ఆట లేనిదే ఊపిరాడని మిత్రులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. ఎరువు తెచ్చుకొందామని తెలిసిన వకీలు ఇంటికి వెళ్ళారు. పాపం, వకీలు మరణశయ్య మీద ఉన్నాడు. పరామర్శకు వచ్చిన వారివలె బుద్ధిగా కూర్చున్నారే కాని, వారి చూపులన్నీ అక్కడ అందంగా అమర్చి ఉన్న చదరంగం మీదనే. కాస్త ఆడుకొందామని ఆశపడేంతలో వకీలు ప్రాణం పోయింది. చేసేది లేక ఇల్లు చేరి, వంటింటి కూరగాయలనే రాజులుగా, మంత్రులుగా, బంట్లుగా నిలబెట్టి ఆట సాగించారు.

ప్రేక్షకులు పగలబడి నవ్వే ఘట్టమిది. 1977లో సత్యజిత్ రే దర్శకత్వం వహించిన ‘శత్రంజ్ కే ఖిలాడీ’ చిత్రంలో ఇటువంటి ఘట్టాలు ఎన్నో ఉన్నాయి. రెండు కాపురాలు, ఇద్దరు భర్తలు, విసిగిపోయిన ఇద్దరు భార్యలు: మన ఇరుగుపొరుగున రోజూ వినవచ్చే తగవులే. కాని ఆ ఇళ్ళ గోడల వెలుపల ఒక రాజ్యం కూలిపోతూ ఉంటుంది. చిత్రం ముగిసిన చోటినుండి ఆ రాజ్యాన్ని పోగొట్టుకొన్న మనిషి కథ సుమారు వెయ్యి కిలోమీటర్లు ప్రయాణించి, కలకత్తా శివార్లలో, హుగ్లీ నది ఒడ్డున మూడు దశాబ్దాలకు పైగా కొనసాగింది. ఆ చోటి పేరు మెటియాబ్రుజ్. మట్టి బురుజు అని ఆ మాటకు అర్థం.

రెండు ఇళ్ళు, ఒక సింహాసనం

ఈ చిత్రానికి మూలం 1924లో ప్రేమ్‌చంద్ వ్రాసిన చిన్న కథ. అవధ్ రాజధాని లక్నోలో మిర్జా, మీర్ అనే ఇద్దరు జాగీర్దారులు. పూర్వులు కత్తి పట్టి సంపాదించిన ఆస్తిని కూర్చుని అనుభవించడమే వారి పని. కాలం 1856. ఈస్టిండియా కంపెనీ అవధ్‌ను మింగడానికి సిద్ధంగా ఉన్నది. ఆ సంగతి వారి చెవిన పడకపోలేదు. పడినా ఆట ఆగలేదు.

బెంగాలీలో తప్ప మరో భాషలో కథాచిత్రం తీయని రే, తనకు పట్టులేని ఉర్దూ సంభాషణల చిత్రానికి పూనుకోవడం సాహసమే. ఆయన ఇంగ్లీషులో చిత్రానువాదం వ్రాసుకొన్నాడు; షమా జైదీ, జావేద్ సిద్దిఖీలు దానికి లక్నో నుడికారపు సంభాషణలు సమకూర్చారు. నిర్మాత సురేష్ జిందాల్. మిర్జాగా సంజీవ్ కుమార్, మీర్‌గా సయీద్ జాఫ్రీ, మిర్జా భార్య ఖుర్షీద్‌గా షబానా ఆజ్మీ, మీర్ భార్య నఫీసాగా ఫరీదా జలాల్ నటించారు. కథ నడుమ వ్యాఖ్యానం చెప్పిన గొంతు అమితాబ్ బచ్చన్‌ది.

ప్రేమ్‌చంద్ కథలో నవాబు నేపథ్యంలో మాత్రమే కనిపిస్తాడు. రే ఆయనను ముందుకు తెచ్చి, రెండు కాపురాల కథ పక్కన సింహాసనం కథను నిలిపాడు. అవధ్ చివరి రాజు వాజిద్ అలీ షా పాత్రకు అమ్జద్ ఖాన్‌ను ఎన్నుకొన్నాడు. అప్పటికి రెండేళ్ళ క్రితమే ‘షోలే’లో గబ్బర్ సింగ్‌గా దేశాన్ని గడగడలాడించిన నటుడు ఇక్కడ కవి, గాయకుడు, నర్తన ప్రియుడు అయిన రాజు! నడుమ అమ్జద్ ఖాన్ రోడ్డు ప్రమాదంలో తీవ్రంగా గాయపడితే, ఆయన కోలుకొనేవరకు రే వేచి ఉన్నాడు. లక్నోలో కంపెనీ ప్రతినిధి అయిన జనరల్ ఔట్‌రామ్ పాత్రను రిచర్డ్ అటెన్‌బరో ధరించాడు. తరువాత 1982లో ‘గాంధీ’ చిత్రాన్ని తీసినవాడు ఆయనే.

ఇంటి హాస్యం రెండు విధాలుగా సాగుతుంది. ఖుర్షీద్ తలనొప్పి అని కబురు పెట్టి భర్తను పిలిపించుకొంటుంది. ఆయన శరీరం పడకగదిలో, మనసు ఆటలో. మీర్ ఇంట్లో సంగతి వేరు. ఆయన ఆటకు వెళ్ళడమే నఫీసాకు కావలసినది. ఒకనాడు అకస్మాత్తుగా ఇంటికి వచ్చిన మీర్‌కు పడకగదిలో దాగిన యువకుడు దొరుకుతాడు. సైన్యంలోకి పట్టుకుపోతారేమోనన్న భయంతో దాక్కున్నాడని భార్య చెబితే మీర్ నమ్ముతాడు. కన్నుల ఎదుటి సంగతిని చూడదలచని భర్త, కన్నుల ఎదుటి శత్రువును చూడదలచని జాగీర్దారు ఒక్కడే. ఇంటిని కాపాడుకోలేనివాడు రాజ్యాన్ని ఏమి కాపాడుతాడన్న ప్రశ్న నవ్వు ఆగిన తరువాత ప్రేక్షకునికి తడుతుంది. తెలుగువారికి ఈ పద్ధతి కొత్త కాదు. ‘కన్యాశుల్కం’లో గురజాడ నవ్విస్తూనే ఒక సంఘపు రోగాన్ని విప్పి చూపలేదా?

మంత్రి తప్పుకొన్నాడు, రాణి వచ్చింది

చిత్రంలో ఒక చిన్న సంభాషణ కథ అంతటికీ తాళపుచెవి. చదరంగం ఇంగ్లీషువారు ఆడే తీరు వేరని మున్షీ నందలాల్ మిత్రులకు చెబుతాడు. మన ఆటలో రాజు పక్కన మంత్రి ఉంటాడు. వారి ఆటలో ఆ స్థానం రాణిది. మన బంటు ఎప్పుడైనా ఒక్క గడియే జరుగుతుంది; వారి బంటు తొలి ఎత్తులో రెండు గడులు దూకవచ్చు. ఆట త్వరగా తేలిపోతుంది. మిత్రులకు ఈ తొందర నచ్చదు. మన ఆట మనకు చాలునంటారు.

ఇంగ్లీషు ఎత్తులు నిజంగా అంత వేగంగానే సాగాయి. 1856 ఫిబ్రవరి ఆరంభంలో ఔట్‌రామ్ ఒక కొత్త ఒడంబడికను రాజు ముందు ఉంచాడు. సంతకం చేస్తే భరణం లభిస్తుంది. రాజ్యం మాత్రం కంపెనీదే. గడువు మూడు రోజులు. వాజిద్ అలీ షా సంతకం చేయలేదు. యుద్ధమూ చేయలేదు. తన ఫిరంగులను దింపివేయించి, ప్రజలు ఎదురు తిరగరాదని ఆజ్ఞ ఇచ్చాడు. తలపాగా తీసి రెసిడెంటు చేతిలో పెట్టాడు. ఆ ఘట్టాన్ని రే చిత్రంలో దాదాపు నిశ్శబ్దంగా చూపించాడు.

మిత్రులు మాత్రం ఊరిలోని గొడవకు దూరంగా గోమతి ఆవలి ఒడ్డున ఒక పల్లె చేరి ఆట పరచుకొంటారు. ప్రేమ్‌చంద్ కథలో ఆట మధ్య మాటా మాటా పెరిగి, ఇద్దరూ కత్తులు దూసి ఒకరినొకరు చంపుకొంటారు. రాజు కోసం ఒక్క కన్నీటి బొట్టు రాల్చనివారు ఒక చెక్క మంత్రి కోసం ప్రాణాలిచ్చారు. రే ఈ ముగింపును మార్చాడు. మీర్ చేతిలోని తుపాకి పేలుతుంది. గుండు మిర్జా శాలువను రాసుకొని పోతుంది. కంపెనీ సేన ఊరిలోకి ప్రవేశించిన తరువాత, సిగ్గుతో కుంగిన ఇద్దరూ మళ్ళీ బల్ల ముందు కూర్చుంటారు. ఈసారి ఇంగ్లీషు పద్ధతిలో: మంత్రి తప్పుకొన్నాడు, విక్టోరియా రాణి వచ్చింది.

చచ్చినవారికి కొంత గౌరవం దక్కుతుంది. బ్రతికి, మారిన నియమాల ప్రకారం ఆడుకొనేవారికి అది కూడా దక్కదు. ఈ మార్పుతో చిత్రం మూలకథకన్న నిష్ఠురమైనదైంది.

తెర మీద లేని చివరి అంకం

మరి తలపాగా తీసి ఇచ్చిన రాజు ఏమైనాడు? చిత్రం ఆ ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. జవాబు మెటియాబ్రుజ్‌లో ఉన్నది.

1856 మార్చిలో వాజిద్ అలీ షా లక్నో విడిచాడు. కాన్పూరు, అలహాబాదు, కాశీల మీదుగా సాగి, చివరకు ఆవిరి పడవ మీద మే నెలలో కలకత్తా చేరాడు. అక్కడి నుండి లండను వెళ్ళి విక్టోరియా రాణి ఎదుట తన మొర వినిపించుకోవాలన్నది ఆయన సంకల్పం. ఆరోగ్యం సహకరించలేదు. ఆయనకు బదులు వృద్ధమాత మలికా కిష్వర్ సముద్రం దాటి వెళ్ళింది. రాజమాత ఇంగ్లండులో ఉండగానే 1857 తిరుగుబాటు చెలరేగింది. ఇక ఆమె మొర ఆలకించేవారెవరు? తిరుగు ప్రయాణంలో 1858 జనవరిలో పారిస్‌లో కన్నుమూసింది. అవధ్ రాజమాత సమాధి నేటికీ ఆ నగరపు పేర్ లాషేజ్ శ్మశానవాటికలో ఉన్నది.

లక్నోలోనే ఉండిపోయిన బేగం హజ్రత్ మహల్ తన కుమారుడు బిర్జిస్ ఖద్ర్‌ను గద్దె మీద కూర్చోబెట్టి కంపెనీతో పోరాడింది. కలకత్తాలో రాజు ఏ తిరుగుబాటూ చేయలేదు. అయినా ముందుజాగ్రత్త పేరిట 1857 జూన్‌లో ఆయనను ఫోర్ట్ విలియం కోటలో నిర్బంధించారు. రెండేళ్ళ తరువాత 1859లో విడుదలైనాడు. ఇక రాజ్యం రాదని అప్పటికి తేలిపోయింది. సాలుకు పన్నెండు లక్షల రూపాయల భరణం స్వీకరించి, గార్డెన్ రీచ్ ప్రాంతంలో స్థిరపడ్డాడు.

అక్కడ ఆయన చేసిన పని విచిత్రమైనది. పోగొట్టుకొన్న నగరాన్ని మళ్ళీ కట్టబూనుకొన్నాడు. భవనాలు, ఉద్యానాలు, ఇమాంబాడా లేచాయి. ఆయన వెంట వచ్చిన గాయకులు, నర్తకులు, కవులు, వైద్యులు, వంటవారు, దర్జీలు, గాలిపటాల నిపుణులు చుట్టూ ఇళ్ళు కట్టుకొన్నారు. ఈ చిన్న లక్నోను కన్నులారా చూసి వర్ణించిన రచయిత అబ్దుల్ హలీం షరర్. తండ్రి రాజు కొలువులో ఉండటంచేత తొమ్మిదేళ్ళ వయసులో మెటియాబ్రుజ్ చేరి, అక్కడనే పెరిగాడు. 1913 నుండి తన ‘దిల్‌గుదాజ్’ పత్రికలో లక్నో నాగరికతను గురించి వరుసగా వ్యాసాలు వ్రాశాడు. ఆ రోజులలో మెటియాబ్రుజ్ జనాభా నలభై వేలకు పైబడి ఉండేదని ఆయన అంచనా.

రాజుగారి జంతుశాలను గురించి షరర్ వ్రాసిన సంగతులు అద్భుతంగా ఉంటాయి. పులులు, జింకలు, వేలకొద్దీ పావురాలు, పాముల కోసం ప్రత్యేకంగా కట్టిన కృత్రిమ పర్వతం! పట్టురెక్కల పావురాల జంట ఒకదానికి రాజు ఇరవై నాలుగు వేల రూపాయలు ఇచ్చాడని షరర్ అంటాడు. 1876లో ఆలీపూరులో కలకత్తా జంతుప్రదర్శనశాల తెరవడానికి ముందే ఈ జంతుశాల ఉన్నది. ఇంత ఖర్చు ఏ భరణానికి తట్టుకొంటుంది? అప్పులు పెరిగాయి. ప్రభుత్వంతో తగవులు తప్పలేదు. అంతఃపుర స్త్రీల సంఖ్య, వారి భరణాల వివాదాలు ఆంగ్ల అధికారులకు నిత్యం తలనొప్పులైనాయి. రాజు గుణాలతో పాటు ఆయన లోపాలు కూడా లక్నో నుండి మెటియాబ్రుజ్‌కు వచ్చి చేరాయి.

1887 సెప్టెంబరు 21న వాజిద్ అలీ షా మరణించాడు. తాను కట్టించిన సిబ్తైనాబాద్ ఇమాంబాడాలోనే ఆయన సమాధి ఉన్నది. ఆయన పోయిన తరువాత ఆస్తులు వేలానికి వచ్చాయి, జంతువులు అమ్ముడుపోయాయి, భవనాలు పడిపోయాయి. లక్నోను ఒకసారి పోగొట్టుకొన్న కొలువు, దాని ప్రతిబింబాన్ని కూడా పోగొట్టుకొన్నది.

ఎవరిని చూసి నవ్వాలి?

ఈ చరిత్ర తెలిసినవారికి చిత్రం ఒక చిక్కు ప్రశ్న వేసింది. రాజును చూసి నవ్వాలా, జాలిపడాలా? 1978లో రాజ్‌బంస్ ఖన్నా అనే విమర్శకుడు ‘ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియా’లో రేను తీవ్రంగా తప్పుపట్టాడు. అవధ్‌ను కాజేయడానికి ఇంగ్లీషువారు ప్రచారం చేసిన అసమర్థ విలాసి బొమ్మనే చిత్రం మళ్ళీ చూపిందన్నది ఆయన అభియోగం. కొన్ని వారాలకు అదే పత్రికలో రే సుదీర్ఘంగా సమాధానమిచ్చాడు. తాను చదివిన గ్రంథాలను పేర్కొంటూ, తన వాజిద్ అలీ ఆ బొమ్మ కాడని వాదించాడు.

చిత్రాన్ని మళ్ళీ చూస్తే రే వాదంలోని బలం తెలుస్తుంది. రాజు లోపాలను చిత్రం దాచదు. ఆరంభంలోనే ఆయన కృష్ణుని వేషంలో రంగస్థలం మీద కనిపిస్తాడు. నిజజీవితంలో కూడా యువరాజుగా ఉన్నప్పుడే రాధాకృష్ణుల కథను నాటకంగా రచించి ఆడించిన ముస్లిం రాజు ఆయన. ఆయన పద్యాలను, ఆటపాటలను ఔట్‌రామ్ తన అధికారి వెస్టన్ దగ్గర ఆరా తీసే ఘట్టం ఉన్నది. లెక్కలు, ఒడంబడికలు తప్ప మరేమీ పట్టని జనరల్‌కు ఆ రాజు ఎంతకూ అర్థం కాడు. ఆ ఘట్టంలో మనం నవ్వేది రాజును చూసి కాదు.

కథక్ నృత్య ఘట్టాన్ని తీర్చిదిద్దినది బిర్జూ మహారాజ్; నర్తించినది శాశ్వతీ సేన్. లక్నో దర్బారులో వెలసిన కథక్ నర్తకుల వంశమే బిర్జూ మహారాజ్‌ది. వాజిద్ అలీ షా పోగొట్టుకొన్న వాటిలో సింహాసనం తిరిగి రాలేదు. ఆయన ఆదరించిన నృత్యం మాత్రం నూట ఇరవై సంవత్సరాల తరువాత ఆయన కథలోనే తిరిగి ప్రత్యక్షమైంది. ‘శత్రంజ్ కే ఖిలాడీ’కి ఆ యేటి ఉత్తమ హిందీ చిత్రంగా జాతీయ బహుమతి లభించింది.

చిన్న తెర మీద ప్రేమ్‌చంద్

నాలుగు గోడలు, ఒక చదరంగపు బల్ల, తెర వెనుక నుండి వినవచ్చే ఇల్లాలి గొంతు: ఈ చిత్రంలోని హాస్యం కొలతలు ఇంటి గదికి సరిపోయేవే. అటువంటి ఇంటి గదులలోకి దూరదర్శన్ అడుగుపెడుతున్న కాలంలో రే మళ్ళీ ప్రేమ్‌చంద్ వైపు తిరిగాడు. 1981లో దూరదర్శన్ కోసం ‘సద్గతి’ తీశాడు. ఇది గంటకు లోపు నిడివిగల చిత్రం. కుమార్తె నిశ్చితార్థానికి ముహూర్తం పెట్టించుకోవాలని దుఃఖీ అనే దళితుడు బ్రాహ్మణుని ఇంటికి వెళతాడు. ముహూర్తానికి బదులుగా ఆయన చెప్పిన చాకిరీ అంతా చేస్తూ, మొద్దు చీల్చలేక కుప్పకూలి చనిపోతాడు. ఓం పురి, స్మితా పాటిల్, మోహన్ ఆగాశే నటించిన ఈ చిత్రంలో నవ్వుకు తావే లేదు.

రెండు చిత్రాలను పక్కపక్కన ఉంచితే ఒక సంగతి స్పష్టమవుతుంది. మొదటిదానిలో పని లేనివారు ఆటతో పొద్దుపుచ్చుతారు. రెండవదానిలో పని చేసేవాడు పనితోనే చస్తాడు. కళ్ళ ఎదుటి అన్యాయాన్ని చూడదలచని మనుషులు మాత్రం రెంటిలోనూ ఉన్నారు. హాస్యంగా చెప్పినా, విషాదంగా చెప్పినా ప్రేమ్‌చంద్ అడిగినది ఒకే ప్రశ్న. ఆ తరువాత గుల్జార్ కూడా దూరదర్శన్ కోసం ‘గోదాన్’, ‘నిర్మల’ వంటి ప్రేమ్‌చంద్ రచనలను చిన్న తెరకు ఎక్కించాడు. పుస్తకం కొనలేని ఇంటికి సైతం ఆ విధంగా ఆయన అతిథిగా వెళ్ళాడు.

మిగిలినది

మెటియాబ్రుజ్, గార్డెన్ రీచ్ పేర్లు తెలుగువారికి పరాయివి కావు. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం గార్డెన్ రీచ్‌లోనే ఉన్నది. 2003లో తూర్పు కోస్తా రైల్వేలో చేరేవరకు వాల్తేరు డివిజను దాని క్రిందిదే. విశాఖపట్టణం, శ్రీకాకుళం ప్రాంతాల రైల్వే ఉద్యోగులెందరికో బదిలీ ఉత్తర్వులు, పదోన్నతులు ఆ చిరునామా నుండే వచ్చేవి. ఆ రైల్వే జనరల్ మేనేజరు నివసించే నదీతీర భవనంలో ఒకప్పుడు వాజిద్ అలీ షా ఉండేవాడని చెబుతారు.

ఇప్పటి మెటియాబ్రుజ్ ఇరుకు సందులలో కుట్టుమిషన్ల చప్పుడు వినిపిస్తుంది. రెడీమేడ్ దుస్తుల తయారీకి అది దేశంలోని పెద్ద కేంద్రాలలో ఒకటి. అక్కడి దర్జీ యజమానులను ఉస్తాగర్లు అంటారు. రాజు వెంట వచ్చిన దర్జీలే ఈ వృత్తికి ఆద్యులని స్థానికులు చెప్పుకొంటారు. కలకత్తా బిర్యానీలో బంగాళదుంప ఉండటానికి కూడా రాజుగారి వంటశాలే కారణమని ప్రజల నమ్మకం. నిజం ఎంతైనా, ఒక ఊరు తన రుచిని, వృత్తిని పదవి పోయిన రాజు పేరుతో ముడిపెట్టుకోవడంలో అభిమానం ఉన్నది. పదవి ఊడబెరికిన ఔట్‌రామ్ పేరును ఏ వంటకానికీ ఎవరూ పెట్టుకోలేదు.

వాజిద్ అలీ షా రచనగా చెప్పే ‘బాబుల్ మోరా’ ఠుమ్రీ పుట్టింటిని విడిచే పిల్ల పాట. 1938లో కలకత్తాలోని న్యూ థియేటర్స్ వారి ‘స్ట్రీట్ సింగర్’ చిత్రంలో కుందన్‌లాల్ సైగల్ పాడిన నాటి నుండి దేశమంతా దానిని ఎరుగును. లక్నో విడిచిన రాజు మళ్ళీ ఆ పుట్టింటి ముఖం చూడలేదు.

సిబ్తైనాబాద్ ఇమాంబాడాలో ఆయన సమాధి ఉన్న గది నిరాడంబరమైనది. ‘శత్రంజ్ కే ఖిలాడీ’ చూసి, ఆటగాళ్ళ తగవులకు నవ్వి, రాజు నిస్సహాయతకు విసుక్కున్న ప్రేక్షకుడు ఒకసారి అక్కడికి వెళ్ళి నిలబడితే చిత్రం పూర్తి అవుతుంది. మిర్జా, మీర్‌లు బల్ల మీది రాజును కాపాడుకొన్నారు. అసలు రాజు ఇక్కడ ఉన్నాడు.